లుగ్దునుం దేనారం: కుర్చీ కాళ్ల దగ్గర మొదలుపెట్టండి

రోమన్ నాణేలు కూడబెట్టాలనుకునేవాళ్లు మొట్టమొదట చేసే పొరపాటు చక్రవర్తుల జాబితా ముందేసుకోవడం. అగస్టస్‌ది ఒకటి, నీరోది ఒకటి, ట్రాజన్‌ది ఒకటి అంటూ పోతే డబ్బులైపోతాయి గానీ చూపు పదునెక్కదు. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉండి ఈ పనికి దిగేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఒకటే టంకశాల, రెండే రకాలు. టంకశాల లుగ్దునుం, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్. రకాలు రెండూ వెండి దేనారాలే: అగస్టస్ ఇద్దరు మనవళ్లు నిలబడ్డది ఒకటి, అతని తర్వాతి చక్రవర్తి తిబెరియస్ కాలంలో కుర్చీలో స్త్రీ కూర్చున్నది ఒకటి.

ఇవే ఎందుకంటే, దక్షిణాదిన దొరికిన రోమన్ వెండిలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి ఈ రెండే. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేల రాశుల మధ్య అగస్టస్, తిబెరియస్‌ల వెండి బయటపడింది. కరీంనగర్ పక్కన నుస్తులాపూర్‌లోనూ ఈ ఇద్దరివే దొరికాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి కుప్పలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలున్నాయి. కొండాపూర్‌లో తిబెరియస్ నాణేన్ని అనుకరిస్తూ మట్టితో చేసిన బిళ్లలు కూడా వచ్చాయి. అవి మెడలో వేసుకోవడానికి చేసినవై ఉంటాయి. మాట కూడా మనకు కొత్తది కాదు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు దేనారము తెలుసు. నాగార్జునకొండ శాసనంలో కనిపించే దీనారి అన్న మాటకు మూలం అదే.

లుగ్దునుంను క్రీ.పూ. 43లో రోమన్ కాలనీగా స్థాపించారు. రోన్, సోన్ నదులు అక్కడే కలుస్తాయి. అగస్టస్ క్రీ.పూ. 15 ప్రాంతంలో అక్కడ బంగారు, వెండి నాణేలు కొట్టించడం మొదలుపెట్టాడు. రైన్ నది పొడవునా ఉన్న సైన్యానికి జీతాలివ్వాలంటే రోమ్ కంటే అది దగ్గర. మామూలు సైనికుడి జీతం అప్పట్లో ఏడాదికి 225 దేనారాలు. టంకశాల కాపలాకు ప్రత్యేకంగా ఒక దళమే ఉండేది. రోమన్ సామ్రాజ్యపు రాష్ట్రాల్లోని ఊళ్లు తమ సంతల కోసం కొట్టుకున్న రాగి చిల్లర వేరు, ఇది వేరు. ఊరు రాష్ట్రంలోదే అయినా నాణెం మాత్రం సామ్రాజ్యం మొత్తం చెల్లేది. అమ్మేవాళ్లు ‘ప్రొవిన్షియల్’ అన్న మాటను రెండింటికీ వాడతారు. జాబితాల్లో వెతికేటప్పుడు ఈ తేడా తెలియకపోతే గ్రీకు అక్షరాల రాగి నాణేల మధ్య గంటలు వృథా అవుతాయి.

మొదటి రకం చూద్దాం. బొమ్మ వైపు అగస్టస్ తల కుడివైపు తిరిగి ఉంటుంది, నెత్తిన ఆకుల దండ. చుట్టూ రాతలో చివరి రెండు మాటలు ‘పాతెర్ పాత్రియే’, అంటే దేశపిత. ఆ బిరుదు అతనికి క్రీ.పూ. 2 ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి నాణెం అంతకు ముందుది కాదు. బొరుసు వైపు మనవళ్లు గయస్, లూసియస్ టోగాలు (రోమన్ల పొడవాటి పైబట్ట) కట్టుకుని మనకు ఎదురుగా నిలబడతారు. చెరో డాలు మీద చెయ్యి, వెనక ఈటెలు, పైన ఖాళీలో ఒక గరిటె, ఒక వంకర కర్ర. గరిటె గయస్ పురోహిత పదవికి గుర్తు, వంకర కర్ర లూసియస్ శకునాలు చూసే పదవికి గుర్తు. ఈ రెండూ ఎటు పక్క ఏది ఉంది, కర్ర వంపు ఎటు తిరిగింది అన్నదే ఉపరకాన్ని తేలుస్తుంది. రోమన్ నాణేల ప్రామాణిక కేటలాగు (RIC అంటారు)లో అగస్టస్ కింద 207 నుంచి 212 దాకా అంకెలు ఈ కుటుంబానివే. అమ్మకందారు 207 అని రాశాడంటే చాలాసార్లు చూడకుండా రాసిందే. గరిటె, కర్ర కనిపించనంతగా పై భాగం అరిగిన నాణేనికి కచ్చితమైన అంకె ఇవ్వడం కుదరదు, ఇచ్చినవాణ్ణి నమ్మనక్కర్లేదు.

అసలు సరదా రెండో రకంలో ఉంది. క్రీ.శ. 14 నుంచి 37 దాకా పాలించిన తిబెరియస్ వెండి నాణేల బొమ్మ మార్చడానికి పెద్దగా ఇష్టపడలేదు. మొదట్లో నాలుగు గుర్రాల రథం మీద తనున్న నాణెం కొద్దిగా కొట్టించాడు, అది ఇప్పుడు అరుదు. ఆ తర్వాత పాలనంతా దాదాపు ఒకటే బొమ్మ. ముందువైపు రాతకు అర్థం ‘దేవుడైన అగస్టస్ కొడుకు తిబెరియస్ సీజర్ అగస్టస్’. వెనకవైపు ‘పాంటిఫ్ మాక్సిం’, ప్రధాన పురోహితుడని. మధ్యలో కుడివైపు తిరిగి కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో నిలువు దండం, ఇంకో చేతిలో కొమ్మ. తిబెరియస్ తల్లి లివియాను శాంతిదేవతలా చూపించారని అంటారు. సీజరు పన్ను గురించి బైబిల్లో అడిగిన నాణెం ఇదేనని క్రైస్తవ ప్రపంచమంతా అనుకోవడం వల్ల ధర ఎప్పుడూ దాని అసలు అరుదుతనానికి మించే ఉంటుంది. అరుదు అని చెప్పి అమ్మితే నవ్వి ఊరుకోండి. ఇది దండిగా దొరికే నాణెం.

ఒకటే బొమ్మను ఇరవై ఏళ్లకు పైగా కొట్టినప్పుడు కాలం ఎలా తెలుస్తుంది? కుర్చీని బట్టి. పది రెట్లు పెంచి చూపే భూతద్దం పెట్టి కింది నుంచి పైకి వెళ్లాలి. ముందు కుర్చీ కింద గీత: ఒకటా, రెండా. తర్వాత కాళ్లు: నున్నగా కర్రల్లా ఉన్నాయా, మన పట్టెమంచం కోళ్లలా కడియాలు కడియాలుగా నగిషీ తిరిగి ఉన్నాయా. తర్వాత పాదాల కింద పీట ఉందా, లేదా. చివరగా చేతిలోది నిజంగా దండమేనా, లేక తలకిందులుగా పట్టిన ఈటెనా. కింది కొసన బాణం ములుకులా కనిపిస్తే ఈటె. నున్నటి కాళ్లవి ముందు, నగిషీ కాళ్లవి తర్వాత అని సాధారణంగా వరుస పెడతారు. కేటలాగులో తిబెరియస్ దేనారాలకు 26, 28, 30 అంకెలుంటాయి గానీ అవి ముతక విభజన. ఆ తర్వాతి పరిశోధకులు కుర్చీ, గీతలు, తల వెంట్రుకల తీరు కలిపి ఇంకా సన్నటి గుంపులు చేశారు. గుంపుకొకటి చొప్పున కూడబెట్టినా గుప్పెడు నాణేల్లో ఒక టంకశాల పనితనం మొత్తం కళ్ల ముందుంటుంది. చక్రవర్తుల జాబితా పట్టుకుని తిరిగితే ఇది రాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. కుర్చీ నాణెం అడుగున ఉంటుంది, అడుగు తరచూ అంచు దాటి పోతుంది. అచ్చు మీద బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు, బిళ్ల కాస్త జరిగితే కింద గీత బిళ్ల మీదే పడదు. అందుకని కొనేటప్పుడు ముఖం బాగున్నదా అని కాక కుర్చీ పూర్తిగా పడిందా అని చూడండి. ముఖం మీద గీత, మెడ దగ్గర అరుగుదల ఉన్న నాణెం చవకగా వస్తుంది. కాళ్లు, గీత, పీట కనబడితే మన పనికి అదే మేలు.

ఇక బరువు. ఒక రోమన్ పౌను వెండికి 84 దేనారాలు లెక్క, అంటే ఒకటి సుమారు 3.86 గ్రాములు. పాత తులానికి మూడో వంతు. వాడుకలో అరిగాక 3.6 నుంచి 3.85 మధ్య ఉంటే హాయి. 3.4కు దిగితే కారణం వెతకాలి. వెండి 97, 98 శాతం. క్రీ.శ. 64లో నీరో పౌనుకు 96 చేశాడు, వెండి పాలు కూడా దాదాపు 80 శాతానికి దించాడు. మన వైపు అగస్టస్, తిబెరియస్ నాణేలే కుప్పలుగా దొరకడానికి ఇదొక ముఖ్య కారణమని చాలామంది ఒప్పుకుంటారు. తూకం వేసి తీసుకునే వ్యాపారి మంచి వెండినే ఎంచుకుంటాడు కదా. బొమ్మలు వేరైనా దేనారాలన్నీ ఒకే బరువు తూగడం చూసి సింహళరాజు ఆశ్చర్యపోయాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అదీ నీరో మార్పుకు ముందు మాటే.

బరువు చూశాక సాంద్రత చూడాలి. దీనికి మిల్లీగ్రాము దాకా చూపే కాంటా కావాలి. రెండు దశాంశాల కాంటాతో చేస్తే ఏమవుతుందో చూడండి: 3.72 గ్రాముల మంచి నాణెం 0.357 గ్రాముల నీటిని తొలగిస్తుంది, భాగిస్తే 10.42. కాంటా 0.36 అంటే 10.33, 0.35 అంటే 10.63. రెండోది స్వచ్ఛమైన వెండి కంటే కూడా ఎక్కువ, అసాధ్యం. మూడో దశాంశం లేకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు.

చేసే తీరు ఇది. ముందు నాణేన్ని గాలిలో తూచి రాసుకోండి. చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి, అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, కాంటా మీద పెట్టండి. సన్నని నైలాన్ దారాన్ని నీళ్లలో ముంచి ఉంచి అప్పుడు సున్నా చేయండి. తర్వాత అదే దారానికి నాణెం కట్టి, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగునా గోడలకూ తగలకూడదు; తగిలితే నాణెం బరువు కాంటా మీద పడి అంకె ఒక్కసారి పైకి లేస్తుంది. వచ్చిన అంకెతో గాలిలో బరువును భాగించాలి. ఫ్యాను ఆపేయండి. బుడగ ఒక్కటి అంటుకున్నా అంకె పెరిగి సాంద్రత తగ్గుతుంది, అసలు నాణెం నకిలీలా కనిపిస్తుంది. సబ్బు చుక్క అందుకే. మే నెలలో గోరువెచ్చగా ఉన్న ట్యాంకు నీళ్లతో చేసినా తేడా ఒక శాతం లోపే, దానికి కంగారు అక్కర్లేదు.

10.3 నుంచి 10.5 మధ్య వస్తే వెండి బాగుందని అర్థం, నాణెం అసలైనదని మాత్రం కాదు. ఇప్పటి 92.5 వెండి కూడా 10.3 పైనే చూపిస్తుంది. 9.2 చుట్టుపక్కల వస్తే లోపల రాగి, పైన వెండి రేకు ఉన్నట్టే. అలాంటివి రోమన్ కాలంలోనే దొంగచాటుగా చేసేవాళ్లు. అంచు దగ్గర రేకు పొంగి పచ్చగా చిలుము కనిపిస్తే అది పాతకాలపు మోసం. మోసమైనా పాతదే కాబట్టి దానికీ సేకరణలో చోటుంది, ధరలోనే తేడా ఉండాలి.

బంగారు షాపుల టంచ్ మిషన్ దగ్గరికి పట్టుకెళ్తే పనికొస్తుంది, పరిమితి తెలుసుకుని వెళ్తే. అది పై పొరనే చదువుతుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న నాణెం పై పొరలోంచి రాగి కారిపోయి వెండి శాతం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చూడాల్సింది శాతం కాదు, చిల్లర లోహాలు. పాత వెండిలో కొద్దిగా బంగారం, సీసం మిగిలి ఉంటాయి, అప్పటి శుద్ధి పద్ధతి వాటిని పూర్తిగా తీయలేదు. రెండూ సున్నా చూపించి, జింకు కనిపిస్తే నాణెం పక్కన పెట్టండి. షాపులో సేటుకు ముందే గట్టిగా చెప్పాలి: గీటురాయి మీద రుద్దొద్దని, రాతి మీద వేసి ఖంగుమంటుందా అని చూడొద్దని. రూపాయి నాణేనికి పనికొచ్చే ఆ పరీక్ష దీనికి చావు. ఇన్నేళ్లలో వెండి లోపల పలుకులు పలుకులుగా మారి పెళుసెక్కుతుంది. అసలైన దేనారం ఖంగుమనకపోవచ్చు, రెండు ముక్కలు మాత్రం కావచ్చు.

పోత నకిలీని పట్టుకోవడం అంచుతో మొదలవుతుంది. సుత్తి దెబ్బకు అంచున చీలికలొస్తాయి, అవి లోపలి దాకా పదునుగా దిగుతాయి. పోతలో అదే చీలిక నున్నటి గాడిలా, మైనంలో గీసినట్టు ఉంటుంది. అక్షరాల మొదలు దగ్గర చూడండి. కొట్టిన నాణెంలో అక్షరం గోడ నిట్టనిలువుగా లేస్తుంది, పోతలో చుట్టూ కరిగినట్టుంటుంది, నేల మీద సన్న గుంటలుంటాయి. అంచు చుట్టూ ఆకురాయి గీతలుంటే అతుకు చెరిపారని అనుమానించాలి. ఇంకో మంచి పద్ధతి ఫోటోలు పోల్చడం. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలు ఉండొచ్చు, కానీ రెండిటికీ ఒకే చోట ఒకే గాటు, బిళ్ల మీద బొమ్మ ఒకే పక్కకు జరగడం, ఒకే ఆకారం ఉండవు. ఉన్నాయంటే రెండూ ఒకే తల్లి నాణెం నుంచి పోసినవే. జాతర దుకాణాల్లో తెల్ల లోహంతో చేసి అమ్మేవాటికి ఇంత కష్టం అక్కర్లేదు, బరువే చెబుతుంది.

ఇక్కడి అనుకరణలు మాత్రం వేరే కథ. మన వైపు కుప్పల్లో రోమన్ నాణేల పక్కనే ఇక్కడే ఎవరో చూసి చెక్కిన అచ్చులతో కొట్టినవీ దొరికాయి. రాత అక్షరాలు కాక గీతలు, సున్నాలు అయిపోతుంది, కన్ను పెద్దదవుతుంది, కుర్చీలోని మనిషి పుల్లలతో కట్టినట్టుంటుంది. వెండి బాగుంటుంది, సుత్తి దెబ్బ కనిపిస్తుంది. అదే ఆధునిక నకిలీకి దీనికి తేడా. అలాగే భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల మీద ఉలి కాట్లు, చిన్న ముద్రలు కనిపిస్తాయి. కాటు లోపలి రంగు మిగతా నాణెం రంగుతో కలిసిపోతే పాత కాటు, తళతళమంటే నిన్నటిది.

శుభ్రం చేయడం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, చేయకండి. చింతపండు, నిమ్మకాయ, ముగ్గుపిండి, అవుసులాయన దగ్గర మెరుగు, అన్నీ పై పొరను తీసేస్తాయి. పైన పొడి మట్టి ఉంటే ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజుకోసారి నీళ్లు మార్చండి. యాసిడ్ సీసా కాదు, నీళ్ల సీసానే అని చూసి కొనుక్కోండి. బోరు నీళ్లు వద్దు, అందులో ఉన్న ఉప్పు వెండికి పడదు. ప్లాస్టిక్ కవరు జిగురు అంటుకుంటే అసిటోన్‌లో ముంచి తీయాలి, గోళ్ల రంగు తుడిచేది కాదు, అందులో నూనె, సెంటు ఉంటాయి. కొన్ని నాణేల మీద బూడిద రంగులో మైనంలాంటి గట్టి పొర ఉంటుంది. అది వెండి క్లోరైడు. పాత ఫోటో స్టూడియోల హైపో దాన్ని కరిగిస్తుంది, నిజమే. కానీ ఆ పొర నాణెం వెండినే తిని పుట్టింది, దాన్ని తీస్తే కింద ముఖం ఉండదు, గుంటలుంటాయి. షాపుల్లో గొలుసులు కడిగే అల్ట్రాసోనిక్ డబ్బా పెళుసు నాణేన్ని విరగ్గొడుతుంది.

వానాకాలంలో నల్లబడటం ఎక్కువ. న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు, మఖ్మల్ పెట్టె, మూడింటిలోనూ గంధకం ఉండే అవకాశముంది. పీవీసీ కవర్లు మెత్తగా, వాసనతో ఉంటాయి, అవి జిగురు వదులుతాయి. గట్టిగా, గలగలమనే మైలార్ కవర్లు గానీ యాసిడ్ లేని కాగితపు కవర్లు గానీ స్టీలు డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేయండి. రంగు మారగానే పొట్లాన్ని వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇప్పుడు ఎక్కడ కొనాలన్నది. కోటిలింగాల వైపు నుంచో పెద్దపల్లి పొలాల నుంచో వచ్చిందని చెప్పి ఎవరైనా చూపిస్తే చెయ్యి పెట్టకండి. భూమిలో దొరికింది కలెక్టరుకు చెప్పి అప్పగించాల్సిన సొత్తు. లంకెబిందెల పిచ్చిలో తవ్వినవాడు కుండను పగలగొట్టి నాణేలు పంచుకుని పోతే, ఏ పొరలో దేని పక్కన ఏది ఉందో అన్న సంగతి శాశ్వతంగా పోతుంది. రోమన్ నాణెం ఏ శాతవాహన రాజు నాణెంతో కలిసి దొరికిందో తెలిస్తేనే దానికి చరిత్రలో విలువ. ఆ జతను చూడాలనుకుంటే కరీంనగర్ మ్యూజియం, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉన్నాయి. కొనడానికైతే లైసెన్సు ఉన్న డీలరు దగ్గర, పాత యూరప్ సేకరణల కాగితాలతో వచ్చిన నాణెమే కొనండి. కాగితం లేనిదానికి సగం ధర కూడా ఎక్కువే. ఇంకో సంగతి: 1972 పురావస్తు చట్టం నాణెం ఏ దేశానిదని అడగదు, వందేళ్లు దాటిందా అని అడుగుతుంది. దాటినదాన్ని మామూలు మనిషి దేశం బయటికి పంపడం నేరం. నచ్చకపోతే తిరిగి పంపేద్దాం, బయట వేలంలో అమ్ముకుందాం అనే లెక్కతో తెప్పించుకోకండి. తెప్పించుకునే ముందు కస్టమ్స్ నిబంధనలు కూడా అడిగి తెలుసుకోవాలి.

నాణెం చేతికొచ్చాక చేయాల్సింది నమోదు. బరువు మూడు దశాంశాల దాకా, వ్యాసం పొడవైన చోట, పొట్టి చోట రెండూ, కేటలాగు అంకె, కుర్చీ వివరాలు, కొన్న చోటు, తేదీ, అంతకు ముందు ఎవరి దగ్గర ఉందో కాగితం చెప్పినంత వరకు. అమ్మకం పేజీని ప్రింటు తీసి ఉంచండి, లింకులు చచ్చిపోతాయి. అచ్చుల దిశ కూడా రాయాలి: తల నిటారుగా ఉండేలా నాణేన్ని పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని, పక్కకు తిప్పి, బొరుసు నెత్తి గడియారంలో ఎన్ని గంటల వైపు ఉందో చూడడమే. ఫోటో తీసేటప్పుడు వెలుగు ఎడమ పక్క పైనుంచి, పదిగంటల దిక్కు నుంచి పడాలి, కుర్చీ కాళ్లు అప్పుడే లేచి కనిపిస్తాయి. కవరు మీద పేరు, అంకె పెన్సిల్‌తో రాయండి, అదీ నాణెం లోపల పెట్టకముందే.